ఏ విదేశీ భాష?

శంషాబాద్ అన్న పేరులోనే రెండు పరభాషలున్నాయి. 'శంస్' అరబ్బీ పదం, సూర్యుడని అర్థం. 'ఆబాద్' పారసీక పదం, జనం నివసించే చోటని అర్థం. హైదరాబాదుకు దక్షిణంగా బెంగుళూరు రహదారి మీద ఉన్న ఈ ఊరికి ఆ పేరు పెట్టినవారు, ఒకనాడు ప్రపంచ భాషలన్నీ ఇక్కడికి వచ్చి దిగుతాయని ఊహించి ఉండరు. 2008 మార్చి 23న బేగంపేట పాత విమానాశ్రయం నుండి పౌర విమానాల రాకపోకలు సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాయి. నాటి నుండి దుబాయి, దోహా, జెడ్డా వెళ్లే వలస కూలీలు, హజ్ యాత్రికులు, పైచదువులకు బయలుదేరే విద్యార్థులు, వారిని సాగనంపడానికి జీపుల్లో వచ్చే బంధువులు ఒకే ప్రాంగణంలో కనిపిస్తున్నారు. ఈ పరిసరాల్లోని కళాశాలల్లో చదివే యువతీయువకులకు విదేశీ భాష అన్నది పుస్తకాల్లోని మాట కాదు, ప్రతిరోజూ తలమీదుగా ఎగిరిపోయే విషయం. అందుచేతనే 'నేర్చుకుంటే ఏ భాష నేర్చుకోవాలి?' అన్న ప్రశ్న ఇక్కడి విద్యార్థికి తక్కినవారికంటె ముందుగా ఎదురవుతుంది.

ఈ ప్రశ్న మొదటిసారి నిజంగా ఎదురయ్యేది పదోతరగతి ముగిసిన వేసవిలో. 2018లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన చట్టం పాఠశాలల్లో పదోతరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. కనుక అంతవరకు భాషల విషయంలో విద్యార్థి ఎన్నుకోవలసింది స్వల్పం. ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు మాత్రం దరఖాస్తులో ద్వితీయ భాష అన్న గడి ఖాళీగా ఉంటుంది. తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూలతోపాటు అరబ్బీ, ఫ్రెంచి భాషలకు కూడ అక్కడ స్థానం ఉంది. అన్ని కళాశాలల్లో అన్నీ దొరకవన్నది వేరే సంగతి. పదిహేనేళ్ల వయస్సులో, గ్రూపును గురించి నెలల తరబడి చర్చించిన కుటుంబం ఈ గడిని ఒక్క నిమిషంలో నింపివేయడం సర్వసాధారణం.

ఆ ఒక్క నిమిషంలో నిర్ణయాన్ని శాసించేది చాలాచోట్ల మార్కులే. ఇంటర్మీడియట్ మొత్తం వేయి మార్కుల్లో ద్వితీయ భాషకు రెండేళ్లకు కలిపి 200 మార్కులున్నాయి. ఫలానా భాష తీసుకుంటే నూటికి తొంభైకి పైగా వస్తాయని, ఫలానా భాషలో అన్ని రావని ఒక నమ్మకం విద్యార్థుల్లోను, తల్లిదండ్రుల్లోను స్థిరపడింది. అక్షరమాలనుండి మొదలయ్యే భాషకు ప్రశ్నపత్రం సులభంగా ఉండడం సహజమే. పదేళ్లు చదివిన మాతృభాషకు పద్యాలు, వ్యాకరణం, వ్యాసాలు ఉండడమూ సహజమే. మార్కులను కోరుకోవడం తప్పని చెప్పడం తేలిక గాని, ర్యాంకులతో బతుకులు ముడివడిన చోట ఆ మాటకు విలువ తక్కువ. అయితే ఒక విషయం గమనించాలి. మార్కులకోసం తీసుకున్న భాష పరీక్షతోపాటే ముగిసిపోతుంది. రెండేళ్లు ఫ్రెంచి చదివి నూటికి 95 తెచ్చుకున్న విద్యార్థి, ఏ ఫ్రెంచి దేశస్థుడైనా ఎదురై దారి అడిగితే తడబడిపోవడానికి కారణం అతని తెలివిలో లోపం కాదు. అతడు నేర్చుకున్నది ప్రశ్నపత్రాన్ని. భాష దగ్గరికి అతడిని ఎవరూ తీసుకువెళ్లలేదు.

భాషకు పట్టే కాలం గురించి కూడ స్పష్టమైన అవగాహన అవసరం. అమెరికా విదేశాంగశాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థను నడుపుతోంది. ఆ సంస్థ అనుభవం ప్రకారం, ఆంగ్లం మాతృభాషగా గలవారు ఫ్రెంచి లేక స్పానిష్‌లో వృత్తికి సరిపడే ప్రావీణ్యం సంపాదించడానికి ఆరేడు వందల తరగతి గంటలు పడతాయి. జర్మన్‌కు అంతకంటె కొంత ఎక్కువ. అరబ్బీ, చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకు సుమారు 2,200 గంటలు. ఇంటర్మీడియట్‌లో వారానికి ఐదు పీరియడ్ల చొప్పున, ఏడాదికి ముప్పై వారాలు పాఠాలు జరిగాయనుకున్నా రెండేళ్లకు మూడు వందల పీరియడ్లు మించవు. అంటే ఏ విదేశీ భాషనైనా ఈ రెండేళ్లలో పునాది దాకా తీసుకురావచ్చు. గోడలు లేపడానికి డిగ్రీ కాలం కావాలి. ఇంటర్మీడియట్‌లో మొదలుపెట్టిన భాషను డిగ్రీలోనో, బయటి సంస్థలోనో కొనసాగించే అవకాశం లేకపోతే ఆ పునాది మీద గడ్డి మొలుస్తుంది.

విమానాశ్రయం పక్కనే ఉన్నందువల్ల కలిగే ఒక భ్రమను కూడ ఇక్కడే తొలగించుకోవడం మంచిది. అంతర్జాతీయ విమానాశ్రయంలో ఉద్యోగానికి విదేశీ భాష వచ్చి తీరాలని చాలామంది అనుకుంటారు. ఆకాశంలో పైలట్లు, నేలమీది కంట్రోలర్లు మాట్లాడుకునే ఉమ్మడి భాష ఆంగ్లమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వారి భాషాజ్ఞానాన్ని ఆరు స్థాయిలుగా విభజించి, కనీసం నాలుగో స్థాయి ఉండాలన్న నిబంధనను 2008 మార్చినుండి అమలులోకి తెచ్చింది. సిద్ధంగా లేని దేశాలకు 2011 వరకు గడువు ఇచ్చింది. శంషాబాద్‌లో తొలి పౌర విమానాలు దిగిన నెలా అదే కావడం యాదృచ్ఛికం. విమానాల మరమ్మతు గ్రంథాలకు సైతం పరిమిత పదజాలంతో, చిన్న చిన్న వాక్యాలతో కూడిన ఒక సరళ సాంకేతిక ఆంగ్లాన్ని ప్రత్యేకంగా రూపొందించారు. ఆంగ్లం మాతృభాష కాని సాంకేతిక నిపుణులు అపార్థం చేసుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. కాబట్టి రన్‌వే దగ్గరి ఉద్యోగానికి మొదటి మెట్టు మంచి ఆంగ్లమే. రెండో విదేశీ భాష దాని స్థానాన్ని ఆక్రమించదు. దానికి తోడుగా నిలిచి, మరికొన్ని తలుపులు తెరుస్తుంది. ఏ తలుపు అన్నదే అసలు ఆలోచించవలసిన విషయం.

ఫ్రెంచి తలుపు శంషాబాద్‌కు మిక్కిలి సమీపంలోనే ఉంది. విమానాశ్రయ ప్రాంగణంలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో ఫ్రాన్సు దేశపు సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల నిర్వహణ, మరమ్మతుల కేంద్రాన్ని నెలకొల్పింది. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడితో ఏర్పడిన ఈ కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యానికి చేరితే ఏటా 300 ఇంజన్లను ఇక్కడ మరమ్మతు చేయగలరని, వేయిమందికి పైగా భారతీయ సాంకేతిక నిపుణులకు ఉపాధి లభిస్తుందని సంస్థ ప్రకటించింది. లీప్ ఇంజను అమెరికా, ఫ్రాన్సు కంపెనీల ఉమ్మడి సంస్థ తయారీ కనుక పని జరిగే భాష ప్రధానంగా ఆంగ్లమే. అయినా ఫ్రెంచి మాతృసంస్థతో ఏళ్ల తరబడి కలిసి పనిచేయవలసిన ఇంజనీరుకు, శిక్షణకై ఫ్రాన్సు వెళ్లే సాంకేతికుడికి ఆ భాష అదనపు బలమే అవుతుంది. కెనడా వలస విధానం మరో కారణం. ఆంగ్లంతోపాటు ఫ్రెంచిని కూడ 1969లో అధికార భాషగా ప్రకటించిన ఆ దేశం, 2023 నుండి శాశ్వత నివాసార్థుల ఎంపికలో ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేక వర్గంగా పిలుస్తోంది. ఇటువంటి విధానాలు ప్రభుత్వాలతోపాటు మారుతుంటాయి కనుక దీనినొక్కదానినే నమ్ముకుని భాషను ఎంచుకోవడం వివేకం కాదు.

తెలుగువారికి ఫ్రెంచి కొత్త కాదు. గోదావరి తీరంలోని యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండేది. నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా పనిచేసి 1798లో మరణించిన రేమండ్ సమాధి హైదరాబాదు సరూర్‌నగర్ సమీపంలోని గుట్టమీద నేటికీ ఉంది. మూసారాంబాగ్ అన్న పేట పేరు అతడినుండే వచ్చిందని చెబుతారు. ఇక భాష స్వభావం సంగతి. రాసినదానిని రాసినట్లే పలికే అలవాటున్న తెలుగు విద్యార్థికి ఫ్రెంచి వర్ణక్రమం మొదట్లో చికాకు కలిగిస్తుంది. పదాల చివరి అక్షరాలు తరచు పలకవు. కుర్చీ స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. ఎనభై అనడానికి 'నాలుగు ఇరవైలు' అంటారు, తొంభై అంటే 'నాలుగు ఇరవైల పది'. అయితే నువ్వు, మీరు అన్న భేదం ఆంగ్లంలో లేకపోగా ఫ్రెంచిలో ఉంది. ఎవరిని ఎలా సంబోధించాలో చిన్నప్పటినుండి తెలిసిన మనవారికి ఆ పాఠం చెప్పకుండానే వస్తుంది.

జర్మన్ విషయంలో ప్రయోజనం మరింత సూటిగా కనిపిస్తుంది. బైపీసీ చదివి నర్సింగ్‌లోకి వెళ్లదలచిన విద్యార్థిని ఈ భాషను గురించి తప్పక తెలుసుకోవాలి. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న జర్మనీలో నర్సుల కొరత తీవ్రంగా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను ఎంపిక చేసి, జర్మన్ భాషలో శిక్షణ ఇప్పించి అక్కడికి పంపే కార్యక్రమాలు చేపట్టింది. ఐరోపా దేశాలు భాషాప్రావీణ్యాన్ని ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా లెక్కిస్తాయి. పూర్తి గుర్తింపు పొందిన నర్సుగా పనిచేయాలంటే అక్కడ సాధారణంగా బి2 స్థాయి కావాలి. ఇది అర్థం లేని నియమం కాదు. నొప్పి ఎక్కడ ఉందో, ఎలా ఉందో రోగి చెప్పేది తన మాతృభాషలోనే. ఆ మాట సగం అర్థమైన నర్సు ఇచ్చే మందు ప్రాణానికే ముప్పు తేవచ్చు. డిగ్రీ ముగిశాక అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిన అమ్మాయి, ఇంటర్మీడియట్‌నాటినుండి మెల్లగా నేర్చుకుంటూ వచ్చిన అమ్మాయి ఒకే శిక్షణ తరగతిలో కూర్చుంటే ఇద్దరి మధ్య తేడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఇంజనీరింగ్ విద్యార్థుల సంగతి కొంత భిన్నం. జర్మనీలో ఎమ్మెస్ స్థాయి కోర్సులు అనేకం ఆంగ్లంలో ఉన్నాయి. బ్యాచిలర్ స్థాయిలో మాత్రం అధికభాగం జర్మన్‌లోనే బోధిస్తారు. ఇంటర్మీడియట్ తరువాత నేరుగా వెళ్లాలనుకునేవారికి భాషే మొదటి అడ్డుగోడ. 2024 జనవరిలో లుఫ్తాన్సా సంస్థ శంషాబాద్ నుండి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానాలు ప్రారంభించడంతో ప్రయాణ దూరం తగ్గింది గాని భాషాదూరం ఎంత ఉన్నదో అంతే ఉంది.

తెలుగు వ్యాకరణం శ్రద్ధగా చదివిన విద్యార్థికి జర్మన్‌లో కొన్ని పాత స్నేహితాలు దొరుకుతాయి. ఆ భాషలో పదాలను కలిపి సమాసాలు చేస్తారు. 'క్రాంకెన్‌హౌస్' అంటే రోగుల ఇల్లు, అంటే ఆసుపత్రి. షష్ఠీ తత్పురుష సమాసం తెలిసినవారికి వివరణ అక్కరలేదు. విభక్తులు ఉన్నాయి, మూడు లింగాలు ఉన్నాయి. ఆంగ్లం మాత్రమే తెలిసినవారిని విస్మయపరిచే ఒక విషయం జర్మన్‌లో ఉంది. బాలిక అన్న పదం ఆ భాషలో నపుంసకలింగం. తెలుగువారు దీనికి ఆశ్చర్యపోనక్కరలేదు. మహద్వాచకాలు, అమహద్వాచకాలు అన్న విభాగంలో స్త్రీవాచకం ఏకవచనంలో 'వచ్చింది' అన్న క్రియనే తీసుకుంటుందని, చెట్టు పడిపోయినా పిల్ల పడిపోయినా 'పడిపోయింది' అనే అంటామని ఎనిమిదో తరగతినాడే చదువుకున్నారు. జర్మన్‌లో కారణం వేరు. అక్కడ ఆ పదం చివర చేరిన అల్పార్థక ప్రత్యయమే దానిని నపుంసకం చేస్తుంది. అయినా లింగం అన్నది లోకధర్మం కాదు, భాషాధర్మం అన్న మెళకువ మనకు ముందే ఉంది.

శంషాబాద్ నుండి బయలుదేరేవారి సంఖ్యను బట్టి చూస్తే మొదట ఆలోచించవలసిన భాష అరబ్బీ. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. ఆశ్చర్యమేమంటే, ఇంతమంది వెళుతున్న దేశాల భాషను ముందుగా నేర్చుకుని వెళ్లేవారు చాలా తక్కువ. చదువుకున్న కుటుంబాల్లో 'విదేశీ భాష' అనగానే ఐరోపా భాషలే గుర్తుకు రావడం, అరబ్బీని ఒక మతానికి సంబంధించినదిగా మాత్రమే చూడడం ఇందుకు కొంత కారణం. సౌదీ అరేబియా కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందంలో అరబ్బీ పాఠమే ప్రామాణికం. పక్కన ఆంగ్లంలో ఏమి రాసి ఉన్నా వివాదం వచ్చినప్పుడు చెల్లేది అదే. తాను వేలిముద్ర వేసిన కాగితంలో జీతం ఎంత ఉందో, పని ఏమని ఉందో చదువుకోలేకపోవడంవల్ల కలిగే నష్టం వలస కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఊరికి ఒక్కరు ఆ కాగితం చదవగలిగినా ఎందరికో మేలు. అనువాదకులుగా, ఆసుపత్రుల్లో అరబ్బు దేశాల రోగులకు సహాయకులుగా, ప్రయాణ సంస్థల్లో ఉద్యోగులుగా అరబ్బీ వచ్చినవారికి హైదరాబాదులోనే పని దొరుకుతుంది.

అరబ్బీ కుడినుండి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు 28. ఉర్దూ లిపి పరిచయం ఉన్న విద్యార్థికి సగం భయం అక్కడే తీరుతుంది. తక్కినవారికి కూడ తాము ఎరుగకుండానే ఎన్నో పదాలు తెలుసు. జవాబు, వకీలు, తారీఖు, అసలు, హాజరు, మామూలు, జిల్లా – ఇవన్నీ అరబ్బీ నుండి పారసీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చినవే. ఈ భాషలో పదాలు సాధారణంగా మూడు హల్లుల మూలం నుండి పుడతాయి. 'తార' అంటే ఎగిరాడు, 'తాయిర' అంటే విమానం, 'తయ్యార్' అంటే పైలట్, 'మతార్' అంటే విమానాశ్రయం. ఒక మూలం పట్టుకుంటే గుత్తిగా పదాలు వస్తాయి. అసలు కష్టం మరోచోట ఉంది. పుస్తకాల అరబ్బీ వేరు, గల్ఫ్ వీధుల్లో వినిపించే అరబ్బీ వేరు. గ్రాంథికానికీ, వ్యావహారికానికీ మధ్య జరిగిన పోరాటాన్ని పాఠంగా చదువుకున్న తెలుగు విద్యార్థికి ఈ చిక్కు సులభంగానే బోధపడుతుంది. ఆ పోరాటానికి నాయకుడైన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను వారి నోటినుండే విని నేర్చుకున్నారు. దానికి ఆయన రాసిన వ్యాకరణం 1931లో వెలువడింది. వినడం ద్వారా భాష నేర్వడమంటే ఏమిటో ఆయన జీవితాన్ని చూసి తెలుసుకోవచ్చు.

జపనీస్, కొరియన్ భాషలను కష్టమైనవాటి జాబితాలో చేర్చింది ఆంగ్లం మాతృభాషగా గలవారు. తెలుగువారు ఆ జాబితాను యథాతథంగా నమ్మనక్కరలేదు. 'వతాషి వ హోన్ ఓ యోమిమాసు' అన్న జపనీస్ వాక్యంలో కర్త మొదట, కర్మ తరువాత, క్రియ చివర వస్తాయి. 'నేను పుస్తకాన్ని చదువుతాను' అన్న తెలుగు వాక్యం నడిచే తీరూ అదే. 'ని' అన్న ద్వితీయా విభక్తి ప్రత్యయం నామానికి చివర చేరినట్లే అక్కడ 'ఓ' చేరుతుంది. ఫ్రెంచివాడు క్రియను మధ్యలో పెడితే, జపాన్‌వాడు మనలాగే చివరిదాకా ఆపుతాడు. కొరియన్ వాక్యనిర్మాణమూ ఇటువంటిదే. దాని లిపి మరీ సులభం. 15వ శతాబ్దంలో సెజోంగ్ రాజు సామాన్య ప్రజలకోసం రూపొందింపజేసిన ఆ లిపిలో నేడు మూలాక్షరాలు 24. కొద్దిరోజుల్లో చదవడం వస్తుంది. జపనీస్‌కు ఆ భాగ్యం లేదు. 46 చొప్పున రెండు అక్షరమాలలు, వాటిపైన నిత్యవ్యవహారానికి ప్రభుత్వం నిర్దేశించిన 2,136 చిత్రలిపి సంకేతాలు ఉన్నాయి. వాక్యం సులభం, లిపి కఠినం. రోజూ నాలుగైదు సంకేతాలు రాసి రాసి నిలుపుకునే ఓర్పు ఉన్నవారే అటు వెళ్లాలి. 2019 నుండి జపాన్ నిర్ణీత నైపుణ్యాలు గల విదేశీ కార్మికులకు ప్రత్యేక వీసా ఇస్తోంది. దానికి భాషాపరీక్షలో ఎన్4 స్థాయి లేక దానికి సమానమైన అర్హత కావాలి. ఐదు స్థాయిల్లో అది కిందినుండి రెండోది.

స్పానిష్, చైనీస్, రష్యన్ భాషలకు కూడ ప్రపంచంలో విస్తృతి ఉంది. స్పానిష్ ఇరవై దేశాల్లో అధికార భాష, ఉచ్చారణ తెలుగువారికి అనువైనది. చైనీస్ మాట్లాడేవారి సంఖ్య చెప్పనక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానం సెకండరీ స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలుగా కొరియన్, జపనీస్, థాయి, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్‌లను పేర్కొంది. అంతకుముందటి ముసాయిదాలో ఉన్న చైనీస్ తుది పత్రంలో లేదు. లక్షలాది తెలుగు కుటుంబాలు ఆధారపడిన అరబ్బీ కూడ ఆ వరుసలో కనిపించదు. ఢిల్లీలో తయారైన జాబితా శంషాబాద్ అవసరాలకు సరిగ్గా సరిపోవాలని నియమం లేదు.

ప్రభుత్వ నిర్ణయాలు మారితే విద్యార్థి ఏమవుతాడన్నదానికి ఒక ఉదాహరణ ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో 2011లో ఒక ఒప్పందం ద్వారా జర్మన్‌ను మూడో భాషగా ప్రవేశపెట్టారు. 2014 అక్టోబరులో ఆ స్థానంలో సంస్కృతాన్ని ఉంచాలని నిర్ణయించారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు విద్యాసంవత్సరం నడుమ భాష మార్చుకోవలసి రావడంతో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ భాష గొప్పదన్న చర్చ పెద్దలది. మూడేళ్లు నేర్చుకున్నది సగంలో ఆగిపోవడం పిల్లలది. ఒక భాషను ఎంచుకునే ముందు, ఈ కళాశాలలో అధ్యాపకుడు స్థిరంగా ఉన్నాడా, ద్వితీయ సంవత్సరంలో కూడ ఈ తరగతి నడుస్తుందా, డిగ్రీలో దీనిని కొనసాగించే చోటు దగ్గరలో ఉందా అని విచారించడం ఈ కారణంచేతనే అవసరం. భాష ఎంత గొప్పదైనా చెప్పేవారు లేనిచోట ఎంచుకుంటే చివరకు గైడే గురువవుతుంది.

ఈ విషయంలో హైదరాబాదు పరిసరాల విద్యార్థులు అదృష్టవంతులు. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం తార్నాకలో ఉంది. అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్, రష్యన్, కొరియన్, చైనీస్ భాషల్లో అక్కడ ఉన్నతస్థాయి వరకు చదువుకోవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అరబ్బీ, పారసీక, ఫ్రెంచి, జర్మన్ బోధన ఉంది. బంజారాహిల్స్‌లోని అలియాన్స్ ఫ్రాంసేజ్ ఫ్రెంచికి, గోథే కేంద్రం జర్మన్‌కు ప్రసిద్ధం. దోమల్‌గూడ రామకృష్ణ మఠంలోని భాషాసంస్థ ఏళ్ల తరబడి సామాన్య కుటుంబాలవారికి అందుబాటులో విదేశీ భాషలు నేర్పుతోంది. శంషాబాద్ నుండి వీటిలో దేనికి వెళ్లాలన్నా రానుపోను రెండుమూడు గంటలు పడుతుంది కనుక, ఇంటర్మీడియట్ రోజుల్లో వారాంతపు తరగతులో, ఆన్‌లైన్ పాఠాలో అనువుగా ఉంటాయి.

మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు సాగి, విమానాశ్రయానికి దారి చూపే పొడవైన వంతెనకు పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. 2009లో ప్రారంభమైన ఆ మార్గం మీద వెళ్లే విద్యార్థుల్లో ఎందరికి ఆయన బహుభాషావేత్త అన్న సంగతి గుర్తుకు వస్తుందో తెలియదు. తెలంగాణ పల్లెలో 1921లో పుట్టిన ఆయన ఉర్దూ, మరాఠీ, హిందీ, సంస్కృతం, ఆంగ్లాలతోపాటు స్పానిష్ కూడ నేర్చారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఒక మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగులోకి తెచ్చారు. ఆయన భాషలలో ఎక్కువభాగం చుట్టూ వినిపించినవి, చేసే పనికి అవసరమైనవి. చదివే పుస్తకాలు, కలిసే మనుషులు ఉన్నందువల్లనే అవి ఆయనవద్ద నిలిచాయి. ఇటువైపునుండి చూస్తే సి.పి. బ్రౌన్ కథా అటువంటిదే. 1817లో మద్రాసు వచ్చిన ఆ ఆంగ్లేయ యువకుడికి తెలుగు ఉద్యోగంలో భాగం. వేమన పద్యాలు చేతికి చిక్కిన తరువాత అది జీవితంలో భాగమైంది. మనవారు జర్మన్‌ను, జపనీస్‌ను చూసి ఎంత బెదురుతారో, మన ఒత్తులను, సంధులను చూసి ఆయనా మొదట్లో అంతగానే బెదిరి ఉంటాడు.

కనుక దరఖాస్తులోని గడిని నింపే ముందు వేసవిలో ఒక నెల కేటాయించడం ఉపయోగకరం. ఆసక్తి ఉన్న రెండు భాషల్లో రోజూ అరగంట చొప్పున వినాలి. ఆ భాషలో వార్తలు, పాటలు, పిల్లల కథలు ఏవైనా సరే. లిపి కొంత దిద్దాలి. ఒక్కొక్క భాషలో యాభై మాటలు, పది వాక్యాలు నేర్చుకోవాలి. నెల ముగిసేసరికి ఒక భాష శబ్దం చెవికి ఇంపుగానో, మరొకటి భారంగానో తోస్తుంది. తరువాత తాను చదవబోయే గ్రూపు ఏమిటి, అది ఏ వృత్తికి దారి తీస్తుంది, ఆ వృత్తిలో ఈ భాషతో పని ఎక్కడ పడుతుంది అని ఆలోచించాలి. ఇంట్లో అన్నో, మేనమామో గల్ఫ్‌లో ఉంటే ఫోనులో అరబ్బీ మాటలు నాలుగు అడిగి తెలుసుకోవచ్చు. అంతకుమించిన పాఠశాల వేరే లేదు. ద్వితీయ భాషగా తెలుగునే ఉంచుకుని, విదేశీ భాషను కళాశాల బయట నేర్చుకోవడమూ చక్కని మార్గమే. అప్పుడు మార్కుల ఒత్తిడి ఉండదు, పరీక్ష తేదీతోపాటు భాష ఆగిపోదు. ఫ్రెంచికి డెల్ఫ్, జర్మన్‌కు గోథే పరీక్షలు, జపనీస్‌కు ఐదు స్థాయిల పరీక్ష ఉన్నాయి. వాటిలో మొదటి మెట్టు, అంటే ఎ1 లేదా ఎన్5, ఇంటర్మీడియట్ చదువుతూనే క్రమంగా శ్రమించే విద్యార్థికి అందుబాటులో ఉన్నదే. ద్వితీయ సంవత్సరం పరీక్షలు ముగిసిన వేసవిలో ఆ పరీక్షకు కూర్చునేలా ప్రణాళిక వేసుకుంటే, డిగ్రీలో చేరేనాటికి రెండో మెట్టు మీద కాలు పెట్టవచ్చు.